పోచారమున పరదేశి బిడ్డలు

ఉప్పల్ చౌరస్తానుండి వరంగల్లునకు పోవు పెద్దబాటను పట్టి తూర్పుగా సాగినచో పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, జోడిమెట్ల యను నూళ్లు వరుసగా వచ్చును. ఊళ్లని పూర్వపు వాడుకనుబట్టి వ్రాసితిమి గాని, నేడవి యన్నియు నొకదానితో నొకటి కలసి నగరమే యైనవి. వాని తరువాత, ఘటకేసరమునకు ముందు, మా పోచారము. ఒకచోట ఇన్ఫోసిస్ వారి విశాలమైన యావరణము, మరియొకచోట జనులు సింగపూర్ టౌన్‌షిప్ అని పిలుచు మేడల సముదాయము. వీని నడుమ బొడ్రాయియు, వేపచెట్లును, పాడిగేదెలును గల పాత యూరు. ఉదయము కంపెనీ బస్సులు పోవు బాటమీదనే గేదెలును పోవుచుండును. ఎవరికెవరు త్రోవ యిత్తురో చెప్పలేము.

మేము 2012వ సంవత్సరమున నాచారమునుండి ఇచ్చటికి కాపురము వచ్చితిమి. మా వారికి నాచారము పారిశ్రామికవాడలో నొక కర్మాగారమున లెక్కలు వ్రాయు పని. పోచారమున అద్దె తక్కువ, గాలి యెక్కువ యని వచ్చితిమి. ఆ యేడే మా పెద్దకుమారుడు పై చదువునకై అమెరికా పోయెను. ఇంట మిగిలినవారము మా యత్తగారు, మా వారు, మేము. అన్నము వండునపుడు చేయి యలవాటుచొప్పున నొక గిద్దెడు బియ్యము ఎక్కువ పోయుచునే యుండెను.

ఈ తూర్పుదిక్కు వారికి పరదేశి యన్న క్రొత్త గాదు. ఉప్పల్ ప్రక్కనున్న హబ్సిగూడ పేరు నిజాము కొలువులోని హబ్షీ సిపాయిలనుబట్టి వచ్చినదందురు. నాచారపు కర్మాగారములలో పొరుగు రాష్ట్రములవారెందరో పనిచేయుదురు. అయినను 2013వ సంవత్సరపు ఆషాఢమున, బోనాల డప్పులు మ్రోగుచుండగా, తెల్లచొక్కా, మెడకు టై, రొమ్ముమీద నల్లని పేరుపలక ధరించి, బురదలో బూట్లు మునుగకుండ గంతులు వేయుచు ఇద్దరు పడుచువాండ్రు మా వీధిలోనికి వచ్చినపుడు, వాకిండ్లు ఊడ్చు చీపుళ్లన్నియు నొక్కమారు ఆగిపోయినవి. ఒకడు గోధుమ వన్నె జుట్టు గల అమెరికా బాలుడు. రెండవవాడు తమిళదేశపు పిల్లవాడు. ఇద్దరికిని ఇరువదేండ్లు నిండలేదు.

వారు వచ్చినది మా ప్రక్క వాటాలోని యింటికి. ఆ గృహిణి మాకంటె నాలుగేండ్లు చిన్నది గనుక మమ్ము "అక్కా" యని పిలుచును. ఆ కుటుంబమువారు మార్మనులని లోకము పిలుచు క్రైస్తవ సంఘమునకు చెందినవారు. వారు తమ సంఘమును "యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము" అని పూర్తి పేరుతో చెప్పుకొందురు. ఆమె పెద్దకుమార్తె అంతకు కొలది మాసముల క్రిందటనే తానును మిషనరీయై ఢిల్లీ వైపు పోయియుండెను.

మా యత్తగారు మొదటినాడు తలుపు ఓరగా మూసి, "మతం మార్చెటోళ్ళు గావచ్చు, మనకెందుకు బిడ్డా!" యనిరి. మాకును మనసులో నదియే యుండెను. కాని ప్రక్కవాటా గోడ పలుచనిది. ఆ యింటి మాటలు, నవ్వులు, పాటలు మా వంటయింటిలోనికి వినవచ్చును. వినుచు వినుచు, అడుగుచు అడుగుచు, ఆ బిడ్డల జీవితమును మేము కొంతకొంతగా తెలిసికొంటిమి. దానినే యిచ్చట వ్రాయుచున్నాము.

మొదట ఈ సంఘమును గూర్చి రెండు మాటలు. 1830వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ అను నాతడు దీనిని స్థాపించెను. ఇప్పుడు దీని ముఖ్యస్థానము యూటా రాష్ట్రములోని సాల్ట్ లేక్ నగరము. వీరి మిషనరీలు 1853లో కలకత్తాకును, అచ్చటినుండి కొందరు మదరాసునకును వచ్చిరి గాని, కొలది యేండ్లకే తిరిగిపోయిరి. హైదరాబాదునకు ఈ సంఘమును తెచ్చినవారు దొరలు గారు. మన తెలుగువారే యని విని మేము ఆశ్చర్యపడితిమి. ఎడ్విన్ ధర్మరాజుగారు కీటకశాస్త్రము చదివినవారు. వారు పసిఫిక్ సముద్రములోని పశ్చిమ సమోవా ద్వీపములో ఉద్యోగము చేయుచు, అచ్చట ఈ సంఘమున చేరిరి. 1978 డిసెంబరులో భార్య ఎల్సీగారితో గూడ కొలదికాలపు మిషనరీలై స్వనగరమునకు వచ్చి తమవారికి బోధింపగా, బంధువర్గములో పలువురు చేరిరి. ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు పాదిరి. మార్మన్ గ్రంథమును తెలుగు చేసినది వారే. 1993లో బెంగుళూరు కేంద్రముగా ఈ సంఘపు మిషను ఏర్పడెను. 2012 మే 27వ తేదీన భారతదేశములో వీరి మొదటి "స్టేకు", అనగా అనేక స్థానిక సంఘములను గూర్చిన మండలము, మన హైదరాబాదులోనే ఏర్పడెను.

గుంటూరు వైపు సోదరీమణులు 1883లో అమెరికానుండి వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరుగారి పేరు నెరుగుదురు. ఆమె ఆసుపత్రి కట్టి, స్త్రీలకు వైద్యము చేసి, తన జీవితమునంతయు ఇచ్చటనే ధారపోసెను. మనము మిషనరీ యనగా అట్టివారిని తలంతుము. ఈ బిడ్డలు వేరు. వీరు వైద్యులు గారు, పంతుళ్లు గారు. మగపిల్లలు రెండేండ్లు, ఆడుపిల్లలు ఏడాదిన్నర యిల్లు విడిచి, సంఘము పంపినచోటికి పోవలెను. ఎచ్చటికి పోవుటయో వారు కోరుకొనరాదు. జీతము లేదు. సంపన్నదేశముల బిడ్డలైనచో తామును, తలిదండ్రులును కూడబెట్టిన సొమ్మునుండి నెలనెల నింతయని కట్టుకొనవలెను. 2020 జులై నుండి ఆ మొత్తమును నెలకు 500 డాలర్లు చేసిరి. మా యెదుట తిరిగిన బాలుడు ఐడహో రాష్ట్రమువాడు. అది బంగాళాదుంపల పంటకు పేరుపడిన సీమ. వేసవి సెలవులలో దుంపల చేలలో నీటి గొట్టములు మోసి సొమ్ము కూడబెట్టితినని అతడు చెప్పెను. తమ గ్రామమున ఎటు చూచినను పది క్రోసుల దూరము మనిషి కనబడడట! అట్టివాడు ఉప్పల్ రింగురోడ్డున, నలుగురు కూర్చుండవలసిన ఆటోలో ఎనిమిదవవాడై వ్రేలాడుచు పోచారము వచ్చుచుండెను.

ఆ కాలమున వారి దినచర్య మన యిండ్లలో మడి గట్టుకొన్న ముత్తైదువ దినచర్యకు తీసిపోకుండెను. ఉదయము ఆరున్నరకు నిద్ర లేచుట, ప్రార్థన, అరగంట వ్యాయామము. ఏడింటికి స్నానము, ఫలహారము. ఎనిమిదింటికి ఎవరికి వారు గ్రంథపఠనము. తొమ్మిదింటికి ఇద్దరు కలసి పఠనము. ఆ మీద కొంతసేపు భాష నేర్చుకొనుట. పది మొదలు వీధినపడుట. ఎండ గానిండు, వాన గానిండు, రాత్రి తొమ్మిదింటివరకు తిరుగుటయే. బస చేరి, మరునాటి పనులు వ్రాసికొని, పదిన్నరకు దీపమార్పవలెను. సినిమా లేదు, టెలివిజను లేదు, ఉప్పల్ స్టేడియములో క్రికెట్టు ఆటయైనచో దాని కేకలు వినుటయే గాని చూచుట లేదు. ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొనరు. ఇంటిపేరునకు ముందు "ఎల్డర్" అని చేర్చి పిలుచుకొందురు. ఎల్డర్ అనగా పెద్ద యని మా వారు అత్తగారికి చెప్పగా, ఆమె బోసినోట నవ్వి, "మీసం మొలవని పోరగాడు పెద్దనా!" యనిరి.

అన్నిటికంటె వింతయైన నియమము జంట విడువకుండుట. ఒకడు మంగలి కడకు పోయినను రెండవవాడు వెంటనుండి కాచుకొనవలెను. రెండేండ్లలో ఒంటరిగా వీధి దాటుట లేదు. మరియు మగదిక్కు లేని యింట అడుగుపెట్టరు. ఒకనాడు మా వారు డ్యూటీనుండి రాకముందు వాన పట్టుకొన్నది. ప్రక్కింటికి తాళము వేసియుండెను. బిడ్డలు తడియుచుండిరని మేము లోనికి రమ్మంటిమి. వారు వినయముగా, "అంకుల్ ఉన్నారా ఆంటీ?" యని యడిగి, లేరనగా చేతులు జోడించి, గేటు ప్రక్కనున్న వేపచెట్టు క్రిందనే నిలిచిరి. మా యత్తగారు కిటికీలోనుండి అంతయు చూచిరి. ఆ సాయంకాలమే, "మంచి తల్లి కన్న పిల్లలే" యని ఒక మాట యనిరి. ఓరగానున్న తలుపు తెరచుకొనుట కది మొదలు.

తలుపు తెరచిన పిమ్మట పెద్ద చిక్కు వచ్చినది. మన తెలంగాణమున ఇంటికి వచ్చినవారికి చాయ్ ఇయ్యకుండ పంపుట అపచారము. చాయ్ త్రాగకుండ పోవుట అంతకంటె అపచారము. వారో, చాయ్ ముట్టరు! కాఫీయు, కల్లు సారాయములును, పొగాకును వారికి నిషిద్ధములు. 1833లో వారి స్థాపకుడు చెప్పిన ఆరోగ్యనియమమట అది. మొదటిమారు మా యత్తగారు స్వయముగా అల్లము దంచి, యాలకులు వేసి, రెండు గ్లాసుల చాయ్ తెచ్చి ముందుంచిరి. తమిళపు పిల్లవాడు తలవంచుకొనెను. ఐడహో బాలుని ముఖము చెవులవరకు ఎర్రనాయెను. వద్దన్న ముసలమ్మ మనసు నొచ్చును. పుచ్చుకొన్న వ్రతము చెడును. క్షణమొక యుగముగా నుండెను. ప్రక్కింటి సోదరి వచ్చి సంగతి చెప్పగా, అత్తగారు గ్లాసులు వెనుకకు తీసికొని, మారుమాటాడక లోనికి పోయిరి. కోపగించిరనుకొంటిమి. తిరిగి వచ్చినపుడు చేతిలో రెండు చెంబులు. "గీ సల్లనన్న తాగుండ్రి బిడ్డా. దీనికి మీ దేవుడేమనడు గద!" ఆనాటినుండి వారు వచ్చు గురువారమునకు మా యింట పెరుగు కొంచెము ఎక్కువగా తోడుపెట్టుట అలవాటయ్యెను. మన యిండ్లలో ఏకాదశి యుండువారికి వేరుగా వండిపెట్టుటలేదా? నియమము వారిదైనను దానికి చోటు కల్పించు విద్య మన ఆడువారికి పుట్టుకతో వచ్చినదే.

ఉపవాసము వారికిని కలదు. నెలకొక ఆదివారము రెండు పూటలు భోజనము మాని, ఆ మిగిలిన సొమ్మును బీదలకై ఇత్తురు. ఇది విన్నపుడు మా యత్తగారు తల యూచిరి. ఆదివారము అంగడిలో ఏదియు కొనరు. నగరములోని ప్రార్థనామందిరమున ఆనాడు గడపుదురు. సోమవారము వారికి సిద్ధపాటు దినము. బట్టలుతుకుట, గదులూడ్చుట, కూరగాయలు కొనుట, ఇంటికి ఉత్తరము వ్రాయుట, అన్నియు ఆనాడే. ఐడహో బాలునికి ఇంట వాషింగు మిషను మీట నొక్కుటయే తెలియును. ఇచ్చట బకెట్టులో సబ్బుపొడి వేసి, తెల్లచొక్కా కాలరు బ్రష్షుతో రుద్దుట ప్రక్కింటి సోదరి నేర్పెను. నీళ్లు రాని దినమున ట్యాంకరు నీటిని బిందెలతో మోయుట నేర్చెను. మొదటి నెల చేతితో అన్నము కలుపుటకు చేతకాక మెతుకులు చొక్కామీద పోసికొనినవాడు, కార్తికము వచ్చునప్పటికి పచ్చిపులుసు జుర్రుచుండెను. మిరపకాయ కొరికినపుడు మాత్రము కన్నీళ్లు ధారగా కారును. "ఏడుస్తలేను, ఏడుస్తలేను" అని తెలంగాణపు యాసతో చెప్పి మమ్ము నవ్వించుచుండెను.

భాష వారికి మరియొక తపస్సు. ఆంగ్లేయ భాషలో మన తకారము లేదట. అందుచేత అతడు వీధి చివరనుండు వృద్ధుని "తాత" యని పిలువబోగా అది "టాటా" యయ్యెను. వచ్చుచునే "టాటా!" యనగా, పిల్లలందరు చేతులూపి "టాటా! టాటా!" యని సాగనంపుట మొదలుపెట్టిరి. పాపము, ఎందుకు పొమ్మనుచున్నారో తెలియక అతడు వారము దినములు తికమకపడెను. నాలుకను పంటికి తాకించి పలుకుమని ఎనిమిదేండ్ల పిల్ల యొకతె అతనికి గురువైనది. గ్రంథముల సంచితో బోధింప వచ్చినవాడు మా వీధి అరుగుమీద కూర్చుండి "త, త, త" యని వల్లించుట చూచినపుడు, బోధించుట కంటె నేర్చుకొనుటయే అతని కెక్కువ పనియైనదని మాకు తోచినది.

ఆశ్వయుజమున బతుకమ్మ వచ్చినది. తంగేడు, గునుగు పూలు తెచ్చి మా వాకిట పేర్చుచుండగా ప్రక్కింటి సోదరి దూరముగా అరుగుమీద కూర్చుండి చూచుచుండెను. పేర్చుటకు రాకపోయినను పూలకాడలు కత్తిరించి యిచ్చుచుండెను. ఆ పూట వీధి యాడువారిలో నొకతె, "పెండ్లీడు పిల్లను ఊరుగాని ఊరుకు పంపి ఎట్ల నిద్రపోతున్నవ్?" అని అడుగరాని మాట అడిగెను. ఆ సోదరి కత్తెర క్రిందబెట్టి, నెమ్మదిగా చెప్పిన మాట మేము మరువలేము. "నిద్ర ఎక్కడిది వదినా! పొద్దుగూకితే నా బిడ్డ తిన్నదో లేదో అనుకుంట. ఆమెకు అక్కడ ఏ తల్లి అన్నం పెడుతున్నదో అనే, ఈ పిల్లలకు నేను పెడుతున్న." తరువాత మరెవ్వరును ఆ ప్రశ్న యడుగలేదు.

ఆడుపిల్లలు ఇట్లు పోవుట ఆ సంఘమునకును మొదటినుండి గలది గాదు. వివాహము గాని స్త్రీలను మిషనరీలుగా పంపుట 1898లో ఆరంభమయ్యెను. ఇనెజ్ నైట్, జెన్నీ బ్రింహాల్ అను నిద్దరు స్నేహితురాండ్రు ఆ యేడు ఇంగ్లండు దేశమునకు పోయిరి. చాలకాలము స్త్రీలకు 21 ఏండ్లు నిండవలెనను నియమముండెను. 2012 అక్టోబరులో దానిని 19 కి తగ్గింపగా, ఆడుపిల్లలు మునుపటికంటె ఎక్కువగా బయలుదేరిరి. ప్రక్కింటి పిల్ల అట్లు పోయినవారిలో నొకతె. హిందీ రాని తెలుగుపిల్ల ఢిల్లీ వైపు వీధులలో తిరుగుచు నేర్చుకొనుటయు, ఐడహో బాలుడు మా వీధిలో "త, త" యనుటయు నొకే కథకు రెండు వైపులు.

ఇంతవరకు వ్రాసి, ఒక కష్టమైన సంగతి దాచుట ధర్మము గాదు. వారు వచ్చినది చల్ల త్రాగుటకు గాదు; తమ విశ్వాసమును చెప్పుటకు. ఇంటికి వచ్చినవానిని ఆదరింతుము, కాని మన యింటి దేవుని విడువము. ఈ రెండును ఒకచోట నుండునా? దీపావళి దాటిన పిమ్మట నొక సాయంకాలము మా వారు వారిని కూర్చుండబెట్టి స్పష్టముగా చెప్పిరి. "నాయనా, మీ పుస్తకములో ఏమున్నదో చెప్పుదురేని వినెదము. మా మతము మాత్రము మార్చుకొనము. ఇది తెలిసియే వచ్చెదరేని ఈ యిల్లు మీది." మేము వంటయింటి గుమ్మమున నిలిచి ఊపిరి బిగబట్టితిమి. బాలుడు కొంతసేపు నేలచూపు చూచి, తన వచ్చీరాని తెలుగున చెప్పెను. తమ సమయము వినగోరువారిదనియు, అందుచేత మునుపటివలె తరుచుగా కూర్చుండుటకు వీలుపడదనియు, కాని మాటవలన కోపము లేదనియు, పనియున్నచో పిలువుమనియు. ఆ మాట నిజాయితీగలది. అయినను మా మనసు చివుక్కుమన్నది. ఇక రాడేమో యనుకొంటిమి.

మూడు వారములకు ఒకనాటి రాత్రి గాలివానకు మా వెనుకటి ప్రహరి కూలి, ఇటుకలు, బురద పెరడంతయు నిండినవి. కూలివారు పండుగకు పోయి దొరకలేదు. తెల్లవారి పదింటికి గేటు చప్పుడైనది. తెల్లచొక్కాలు లేవు, పాత బనియనులతో, చేత పారలతో ఇద్దరును నిలిచిరి. ప్రక్కింటి సోదరి ఫోను చేసినదట. మధ్యాహ్నమువరకు ఇటుకలెత్తిరి. పుస్తకము మాట ఒక్కటియు ఎత్తలేదు. మా యత్తగారు పీటలు వేయించి, పప్పు, వంకాయకూర, చల్ల వడ్డించి, ఎదుట కూర్చుండి తినిపించిరి. మా విశ్వాసము మాకడ నున్నది, వారిది వారికడ నున్నది. నడుమ విస్తరి యున్నది. అంతకంటె ఎక్కువ ఆనాడు ఎవ్వరికిని కావలసి రాలేదు.

ఇక వ్రాయవలసినది క్రిస్మసు దినము. ఆ కాలమున మిషనరీలు వారమున కొకమారు సోమవారమున ఇంటర్నెట్ సెంటరునుండి ఉత్తరము వ్రాయవచ్చును గాని, తల్లి గొంతు వినుట ఏడాదికి రెండేమార్లు, క్రిస్మసునకు, మాతృదినోత్సవమునకు. 2013 క్రిస్మసునాడు మధ్యాహ్నము ప్రక్కింటివారికి ఢిల్లీ వైపునుండి కూతురి ఫోను వచ్చినది. ఆ తల్లి ఫోనును చెంపకు అదుముకొని, పది నిమిషములు మాటలకంటె కన్నీరే ఎక్కువగా కార్చెను. ఆ రాత్రియే ఎనిమిది గంటలకు, ఐడహోలో తెల్లవారి ఏడున్నర యగుచుండగా, అదే యింట కూర్చుండి ఆ బాలుడు కంప్యూటరులో తన తల్లిని చూచెను. వెనుక మంచు కప్పిన కిటికీ. ఆమె బిడ్డను చూచిన వెంటనే అడిగిన మొదటి మాట మా వారు మాకు తెలుగు చేసి చెప్పిరి: "చిక్కిపోయినావేమిరా?" అమెరికా కానిండు, పోచారము కానిండు, తల్లి అడుగు మొదటి మాట అదియే గదా! పిమ్మట ఆమె ప్రక్కింటి సోదరిని, మమ్మును, మా యత్తగారిని తెరముందుకు రమ్మని, చేతులు రెండును రొమ్మునకు చేర్చుకొని తల వంచెను. మా యత్తగారికి ఆంగ్లము రాదు. ఆమెకు తెలుగు రాదు. ఇద్దరును ఒకరినొకరు చూచి ఏడ్చిరి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా కుమారుడు ప్రతిదినమును ఫోను చేయుచుండెను. "తిన్నావా?" అందుము. "తిన్నానమ్మా" అనును. రెండేండ్లలో మేమెరిగినది అంతియే. ఏడాదికి రెండుమార్లు మాటాడు బిడ్డను గూర్చి ఆ తల్లికి తెలిసినంత, దినదినము మాటాడు బిడ్డను గూర్చి మాకు తెలియదేమో! మరునాడు వాడు ఫోను చేసినపుడు, "నాయనా, నీవు అచ్చట ఒకరి యింట కూర్చుండి భోజనము చేసి ఎన్నినాళ్లైనది?" అని యడిగితిమి. చాలసేపు మాట లేదు. పిమ్మట, "ఎవ్వరింటికీ పోలేదమ్మా, ఇప్పటిదాకా" అనెను. వాడు ఒంటరియై యుండెను. మేమడుగలేదు, వాడు చెప్పలేదు. ఆ పరదేశి బాలునికి జంట నొకనిని కట్టి పంపినవారి నియమము మొదట మాకు సంకెలగా తోచినది. అది సంకెల మాత్రమే గాదని ఆనాడు తెలిసినది.

సంక్రాంతి ముందు ఆ బాలునికి బెంగుళూరు పొమ్మని యుత్తరువు వచ్చినది. వారికి ఒకచోట స్థిరవాసము లేదు. కొన్ని వారములకో, మాసములకో బదిలీ. మా యత్తగారు రెండునాళ్లు కూర్చుండి నువ్వులు, వాము కలిపిన బియ్యపుపిండితో సకినాలు చుట్టి, డబ్బా నింపి యిచ్చిరి. గేటు దాటునపుడు అతడు వెనుకకు తిరిగి, వీధి చివరి వృద్ధునివైపు చేయి యూపి, "పోయొస్త, తాతా!" అనెను. తకారము చక్కగా పలికినది. వీధి పిల్లలు "టాటా!" యనిరి. ఈసారి అది సరియైన మాటయే.

పిమ్మట చాల మార్పులు జరిగినవి. ప్రక్కింటి పిల్ల 2014లో ఏడాదిన్నర పూర్తిచేసికొని, హిందీ ధారాళముగా మాటాడుచు తిరిగివచ్చెను. 2017 నవంబరులో ఉప్పల్‌నకు మెట్రో రైలు వచ్చినది. 2019 ఫిబ్రవరినుండి ఆ సంఘమువారు మిషనరీ బిడ్డలు వారమున కొకమారు తలిదండ్రులతో మాటాడవచ్చునని నియమము మార్చిరి. ఆ వార్త వినినపుడు ఐడహోలోని తల్లి మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆమె కది కొంత ఆలస్యముగా వచ్చినది.

మా యత్తగారు ఇప్పుడు లేరు. చల్లచెంబులు రెండును వంటయింటి అటకమీద నున్నవి. మా కుమారునితో నేటికిని దినమును మాటాడుచున్నాము. "తిన్నావా?" అని అడుగుట మానలేదు, తల్లి నోట ఆ మాట మానునా! దానితోబాటు "ఎవరితో కలసి తిన్నావు?" అనికూడ అడుగుట నేర్చుకొంటిమి. సోదరీమణులారా, మీ వీధికిని ఏదో యొకనాడు పరాయియూరి బిడ్డ వచ్చును. మిషనరీయో, కర్మాగారపు కూలివాడో, కంపెనీ యుద్యోగియో, ఎవ్వరైన కానిండు. వాని మతము వానికుండనిండు, మీది మీకుండనిండు. చాయ్ త్రాగనిచో కొంచెము చల్ల యిచ్చి చూడుడు. వాని తల్లి ఎచ్చటనో పొద్దు చూచుకొనుచు కూర్చుండియుండును.